నత్తలకు పోసిన కొత్త టీ

“నాకేమో మూడోసారి మరిగిన టీ, నత్తలికి కొత్త పొడా? నీకేటి మతి పోయిందేటమ్మా?” అన్నాడు మా అబ్బాయి.

“మతి గురించే కదరా ఈ గోలంతా!”

“నత్తకి మతేటి? రేపు డూటీకెళ్తూ బేసిన్లు రెండూ నాలాలో గుమ్మరించేస్తాను, సూడు.”

“గుమ్మరించు. ముందు నన్ను దాటు.”

మనవరాలు అప్పుడు ఇక్కడి హిందీ బడిలో తొమ్మిదో తరగతి. అక్కడ సైన్సు ప్రదర్శనకని గుంటలోంచి పది నత్తలు పట్టుకొచ్చింది. నత్త గాలి కోసం పైకొచ్చి ఒంటి పక్కనున్న చిన్న కంత తెరుస్తుంది. తెరిచినప్పుడల్లా చీపురుపుల్లతో తాకితే మూసేసుకుంటుంది. అరగంటకు, తెరవకూడదని నేర్చుకుంటుంది. మర్నాటికి ఆ పాఠం గుర్తుంటుందా? సగం నత్తలకు మామూలు నీళ్లలో, సగానికి టీ నీళ్లలో నేర్పి, ఆకులోని వగరు జ్ఞాపకాన్ని ఏమైనా మారుస్తుందేమో చూడమన్నారు వాళ్ల మాస్టారు.

రెండుసార్లు చేసింది. రెండు బేసిన్లవీ ఒక్కలాగే మరిచిపోయాయి. “సబ్ బేకార్ మామ్మా! ఎల్లుండే ఎగ్జిబిషన్. నా పేరు తీయించేసుకుంటాను,” అని ఏడ్చింది.

తప్పు నాది. అది అడిగినప్పుడల్లా నేనిచ్చింది పొద్దునా సాయంత్రం మరగబెట్టి, ఎండబెట్టి దాచిన పిప్పి. నేను చదివింది మూడో తరగతే. పిప్పిలో సారం ఉండదని తెలియడానికి ఆ మూడూ అక్కర్లేదు. తెలిసే ఇచ్చాను, నత్తలకు ఇది చాల్లే అని.

అందుకే ఆ సాయంత్రం డబ్బా బోర్లించి, ఉన్న పొడంతా మరిగించి, చల్లార్చి టీ బేసిన్లో పోశాను. గొడవ దానికే.

“ఆడపిల్ల నత్తల్ని పొడిసి ఏటి సేస్తాదట?” అన్నాడు మళ్లీ.

“ఏటైనా సేస్తాది. దాని పని సెడగొట్టింది నేను. అది దిద్దుకునేదాకా ఈ బేసిన్లు ఎవడూ ముట్టడు.”

పీట వేసుకుని వాటి ముందే కూర్చున్నాను. పిల్ల పుల్లతో తాకుతుంటే నేను గడియారం చూశాను. అరగంట కాగానే అన్నిటినీ మంచినీళ్లలోకి మార్చాం.

తెల్లారి చూస్తే, మామూలు నీళ్లలో నేర్చినవి అయిదూ పైకొచ్చి కంతలు తెరిచాయి. టీలో నేర్చినవాటిలో రెండు తెరిచాయి, మూడు తెరవలేదు. పిల్ల ఉన్నదున్నట్టు రాసుకుంది. డబ్బాలో పొడి లేదు గనుక మా అబ్బాయి టీ తాగకుండానే సైకిలెక్కి ఫ్యాక్టరీ డ్యూటీకి హథ్‌ఖోజ్ వెళ్లాడు. బేసిన్లు ముట్టుకోలేదు.