ఎర్రపెన్నక్క తనమీద తానే కొట్టుకున్న గంట

ఆ పంపుల ఫ్యాక్టరీ డిజైన్ విభాగంలో ఒక ఇత్తడి గంట ఉండేది. అది మోగితే మూడు వీధుల అవతల నెమరేసే గేదెలు కూడా నోరు ఆపి, మేమేం తప్పు చేశాం అన్నట్టు దిక్కులు చూసేవట. గేదెల సంగతి కాస్త పెంచి చెప్పిందే కావచ్చు, గంట మాత్రం నిజం. డ్రాయింగులో ఎవరి తప్పు దొరికినా చీఫ్‌గారు లేచి దాన్ని వాయించేవారు. మిగతావాళ్ళంతా కుర్చీలు తిప్పి ఆ మనిషి మొహమే చూడాలి. ఒకే మనిషికి మూడుసార్లు మోగితే డ్రాయింగు బల్ల వదిలి, కింద స్టోర్స్‌లో నట్లు ఏరుకుంటూ కూర్చోవాలి.

దాంతో తప్పులు తగ్గాయని చీఫ్‌గారి నమ్మకం. తగ్గింది తప్పులు కాదు, చెప్పుకోవడం. అందరూ కుక్కిన పేనులా పడి ఉండి, తప్పు బయటపడ్డప్పుడు నింద కింద ఇనుము కరిగించి పోత పోసే మేస్త్రి మీదకి నెట్టేసేవారు.

ఎర్రపెన్నక్క పని ఎర్ర పెన్నుతో ఆ డ్రాయింగులను సరిచూడటం. పదో తరగతి మధ్యలోనే బడికి దండం పెట్టి, ప్రింటు గదిలో కాగితాలు చింపే పనిలో చేరింది. బల్లకు ఇవతల నిలబడి తలకిందులుగా చూసి చూసి డ్రాయింగులు నేర్చుకుంది. ఇంజనీర్లు పట్టా చూపించేలోపు ఈమె తప్పు చూపించేది. పదకొండేళ్ళు చాకిరీ చేశాక దక్కింది ఆ బల్ల. అప్పటికే ఆమె మీద రెండుసార్లు గంట మోగి ఉంది.

ఆరోజు పొద్దున ఇంట్లో ఆమె టిఫిను తింటుంటే, దర్జీ అయిన మొగుడు మిషను ముందు కూర్చుని పకపకా నవ్వాడు.

"చూడవే నా తెలివి. ఆరు గుండీలకి ఎనిమిది కాజాలు కుట్టాను. ఆయనొస్తే చెప్పేస్తాలే, నా బుర్ర ఊరెళ్ళిందని."

అక్క ప్లేటు పక్కకి నెట్టేసింది. ఆరు, ఎనిమిది. నిన్న తను సంతకం పెట్టిన పంపు మూతకి బోల్టులు పట్టే చెవులు ఎనిమిది ఉన్నాయి. పంపుకి ఉన్నవి ఆరు. పదింటికి పోత. నలభై మూతలు.

మేస్త్రికి ఫోను చేద్దామని తీసి, మళ్ళీ పెట్టేసింది. చీఫ్ మాట లేకుండా ఆయన పోత ఆపడు. చీఫ్‌కి చెబితే మూడో గంట. చెప్పకపోతే నింద మేస్త్రికి. ఇంత తప్పు చేసి ఇంత హాయిగా నవ్వుతున్న మొగుణ్ణి చూసి ఆమెకు ఒళ్ళు మండింది, ఆ వెంటనే ఎక్కడలేని ధైర్యం వచ్చింది. చెయ్యి కడిగీ కడగకుండా పరుగెత్తింది. ఆ పరుగుకి బస్సే వెనకబడిందని వీధి చివర కొట్టువాడు ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

పది కావడానికి పావుగంట ముందు గదిలో అడుగుపెట్టి, ఎవరి మొహమూ చూడకుండా నేరుగా వెళ్ళి గంట వాయించింది. చీఫ్ తప్ప ఇంకెవరూ ముట్టని గంట. కుర్చీలన్నీ తిరిగాయి.

"సార్, మూతకి ఎనిమిది చెవులు పడ్డాయి. ఆరుండాలి. సంతకం నాది. ముందు పోత ఆపించండి, నన్ను స్టోర్స్‌కి తరవాత పంపుదురుగాని."

చీఫ్‌గారి చెయ్యి దానంతటదే ఫోను మీదకి పోయింది. పోత ఆగింది. మరుగుతున్న ఇనుము అంచుదాకా వచ్చి వెనక్కి తిరిగిందని మేస్త్రి తరవాత కథలు చెప్పాడు. ఫోను పెట్టేసి చీఫ్‌గారు, "ఇది మూడోది కదమ్మా," అన్నారు. అక్క పెన్నులూ స్కేలూ సంచిలో సర్దుకోసాగింది.

అప్పుడు లేచాడు ఆ మూత గీసిన పొడుగాయన. ఆ తప్పు మొన్ననే చూసుకున్నాననీ, గంటకు భయపడి నోరు మూసుకున్నాననీ చెప్పి, తనకి తానే ఒక గంట కొట్టుకున్నాడు. వెనకే షాఫ్టులు గీసే ఆవిడ. ఆవిడ వెనక ఇంకొకరు. కాసేపట్లో గంట ముందు సినిమా టికెట్లకు కట్టినట్టు లైను కట్టారు. తొమ్మిది తప్పులు బయటపడ్డాయి, వాటిలో ఇంకా పోతకి దిగనివే నాలుగు.

ఆగని మోత విని కింద నుంచి స్టోర్స్ బాబాయ్ రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఎంతమందిని పంపుతున్నారు సార్? నా దగ్గర ఉన్నది ఒక్కటే స్టూలు."

గదంతా ఘొల్లున నవ్వింది. చీఫ్‌గారు నవ్వలేదు. తొమ్మిది తప్పులూ కాగితం మీద రాయించుకుని చదివారు.

"ఇవన్నీ నాకెందుకు చెప్పలేదు?"

 అందరి చూపులూ గంట మీదకి పోయాయి. ఆయన చూపూ పోయింది.  ఆఖరికి లేచి, దాన్ని తన బల్ల పక్కనుంచి విప్పి తెచ్చి అక్క బల్ల మీద పెట్టారు.

"సంచి కింద పెట్టమ్మా. ఇకమీదట ఎవరైనా కొట్టొచ్చు. మోగితే అందరూ పెన్సిళ్ళు పట్టుకుని రండి."

మనిషి ఒక్క పూటలో మారిపోయాడని కాదు. ఆ వారంలోనే రెండుసార్లు అలవాటుగా అరవబోయి, నాలుక కరుచుకున్నారు. కానీ మర్నాడు అక్క ఒక అనుమానంతో గంట కొడితే ముందుగా వచ్చిన పెన్సిలు ఆయనదే.

దర్జీగారు ఫ్యాక్టరీని నిలబెట్టింది తన కాజాలేనని కొలతలకొచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాడు. స్టోర్స్ బాబాయ్ మాత్రం స్టూలు తుడిచి ఉంచి, అక్క ఎదురైనప్పుడల్లా నిష్ఠూరమాడతాడు, "వస్తానని రాకపోతివి కదమ్మా," అని.