రూతమ్మ ఏడ్చిన అరుగు

రెండో ప్రపంచయుద్ధం నాటి మాట. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. మదనపల్లెకు కొత్తగా వచ్చిన మిషనరీ రూతమ్మతో ఊళ్ళకు వెళ్ళి బైబిలు వాక్యం చెప్పేదాన్ని. ఆ అమెరికా దొరసాని నాకంటే మూడేళ్ళే పెద్దది. ఓడలు సరిగా నడవక ఎనిమిది నెలలుగా ఆమెకు ఇంటి ఉత్తరం లేదు. ఆమె కళ్ళు తడిస్తే, "సేవకు వచ్చినవాళ్ళు ఇంటిని తలచుకోకూడదు" అని బోధించేదాన్ని.

ఒకరోజు సదుం దగ్గరి పల్లెకు బయలుదేరుతుంటే ఉత్తరం వచ్చింది. వాక్యం చెప్పడం అయ్యాకే, ఒక ఇంటి అరుగు మీద కూర్చుని ఆమె దాన్ని చదివింది. చదివి, "అమ్మ బాగుందట" అని నాతో అంటూనే వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ ఊళ్ళో ఉత్తరం చదివి ఏడిస్తే చావు కబురనే అర్థం. ఆడవాళ్ళంతా పరుగెత్తుకొచ్చి, ఆమెను కౌగిలించుకుని, రాగాలు తీస్తూ శోకాలు పెట్టారు. నాకు తల కొట్టేసినట్లయింది.

"ఊరుకోండమ్మా! ఎవురూ పోలేదు. వాళ్ళమ్మ బాగుండాదని జాబొచ్చింది!" అని అరిచాను.

"బాగుంటే యాల ఏడస్తాండాది? దొరల తీరే వేరప్పా!" అని ఒకామె నవ్వింది.

"నువ్వు నోరు ముయ్యే," అంది ఆ ఇంటి ముసలమ్మ. "అమ్మ అంత దూరాన ఉంటే బిడ్డకు ఏడుపు రాదా? ఏడ్సు తల్లీ, నా ఒళ్ళో ఏడ్సు."

రూతమ్మ ఆ ఒళ్ళో తల పెట్టి తనివితీరా ఏడ్చింది. ప్రభువు కూడా కన్నీళ్ళు విడిచాడని ఎన్ని ఊళ్ళలో చెప్పానో! ఆ మాట నా గుండెకు తాకింది మాత్రం ఆ రోజే.

తిరుగు బండిలో ఆమె, "మీ అమ్మ ఎలా ఉంటుంది?" అని అడిగింది. సేవ పేరు చెప్పి రెండేళ్ళుగా కుప్పం వెళ్ళి అమ్మను చూడని నేను, ఆమె భుజం మీద వాలి ఏడ్చేశాను.