జాన్ సాహెబ్ బాబాయి వానమూట ఆట

జాన్ సాహెబ్ బాబాయికి తాగుడు లేదు, పేకాట లేదు, చివరికి బీడీ అలవాటు కూడా లేదు. ఉన్నది ఒకటే జబ్బు. ఎదురైన ప్రతి మనిషినీ నిలబెట్టి అభిప్రాయం అడుగుతాడు. అడిగి ఊరుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. వాళ్ళు ఏం చెబితే అది చేసేస్తాడు.

ఆయన లారీలకు రంగులు వేసేవాడు. మాచర్లలో మా సందు చివర, రోడ్డు మీదికి ఆయన షెడ్డు. దాచేపల్లి నుంచి సిమెంటు మోసే లారీలన్నీ పాతబడ్డాక అక్కడికే వచ్చేవి. ఒకసారి ఒక లారీ వెనక తలుపు మీద నెమలిని వేస్తూ, దారిన పోయేవాళ్ళని ఆపి "తోక సరిపోయిందా?" అని అడిగాడు. ఒకాయన ఇంకొంచెం పొడుగుంటే బాగుండునన్నాడు. తర్వాత వచ్చినాయన కూడా అదే మాట అన్నాడు. సాయంత్రానికి వెనక తలుపు మీద పుట్టిన నెమలి తోక పక్క చెక్కలన్నీ దాటి డ్రైవరు కూర్చునే చోటికి వచ్చింది. ఆ డ్రైవరు తన తలుపు తెరిచినప్పుడల్లా తోక రెండు ముక్కలయ్యేది.

"పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అని మా నాయన అడిగితే, 'మీ అభిప్రాయం ఏంది?' అని మా నాయన్నే అడిగాడు ఈ మహానుభావుడు" అని ఖాతూన్ బీ పిన్ని ఇప్పటికీ చెబుతుంది. ఆమె ఆయన భార్య. ఆ ప్రశ్నకి వాళ్ళ నాయన ఏం చెప్పాడో మాత్రం చెప్పదు.

ఇలాంటి మనిషి ఎనభై ఆరులో ఒక ఆట తయారు చేయటం మొదలుపెట్టాడు. అది నా మంచం మీద మొదలైంది కాబట్టి, ముందు నా మంచం సంగతి చెప్పాలి.

నేనప్పుడు లారీ ఆఫీసులో గుమాస్తాని. లోడు మీద తాడు సరిగా బిగించారో లేదో చూడటానికి ఎక్కి, దిగటం మాత్రం ఒక్కసారిగా దిగాను. తొడ ఎముక విరిగింది. గుంటూరులో కట్టు కట్టి, కొన్ని నెలల తర్వాత విప్పి, డాక్టరు గారు నా మొహం మీదే చెప్పారు. "ఎముక అతుక్కుంది. ఇక రోజూ నడవాలి. ఈ రెండు మూడు నెలలు మంచం వదలకపోతే మోకాలు బిగుసుకుపోతుంది. తర్వాత నేను కాదు కదా, ఎవరూ ఏం చేయలేరు."

ఇంటికి వచ్చిన మర్నాడే చంకల్లో కర్రలు పెట్టుకుని సందులోకి వెళ్ళాను. కుళాయి దగ్గర బిందెల వరుస మధ్యలో పడ్డాను. నాకు దెబ్బ తగల్లేదు, రెండు బిందెలు సొట్టపోయాయి. కానీ చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా ఒకే గొంతుతో "అయ్యో పాపం" అన్నారు చూడండి, అది తట్టుకోలేకపోయాను. ఇరవై ఆరేళ్ళ మగవాణ్ణి. ఇక లేవనని మంచం ఎక్కేశాను. మా అమ్మ పున్నమ్మ తిట్టింది, ఏడ్చింది, అన్నం పెట్టనంది, పెట్టింది. నేను కదల్లేదు.

అదిగో, అప్పుడు వచ్చాడు జాన్ సాహెబ్ బాబాయి, చంకలో ఒక రేకు ముక్కతో. దాని మీద లారీ రంగులతో గళ్ళు, ఒక అడవి, ఒక గుట్ట వేసి ఉన్నాయి.

"ఒరేయ్ గోపాలం, ఆట కనిపెట్టా. నల్లకోటలో ఒక రాక్షసుడు ఉన్నాడు. లోకంలో వాననంతా మూటగట్టి అటక మీద పెట్టుకున్నాడు. నలుగురు జట్టుగా పోయి ఆ మూట తేవాల. ఒక కత్తివీరుడు, ఒక మంత్రగత్తె, ఒక వైద్యుడు, ఒక దొంగ. గవ్వలు వేసుకుంటా పోవటమే. ఎట్టా ఉంది? నీ అభిప్రాయం ఏంది?"

"నాకేం అభిప్రాయం లేదు బాబాయ్."

"పర్లా. నిదానంగా చెప్పు" అని మంచం మీదే రేకు పరిచాడు.

జట్టు కూడా ఆయనే పోగేశాడు. కాంపౌండరు ప్రభుదాసు, ఖాతూన్ బీ పిన్ని, పక్క సందు వెంకట్రామయ్య గారు, నేను. వెంకట్రామయ్య గారు మోతుబరి రైతు. ఎక్కడ ఏ ఎన్నిక జరిగినా నిలబడటం, ఓడిపోవటం, లెక్కింపులో మోసం జరిగిందనటం ఆయనకి అలవాటు. ఎవరు ఏ వేషమో గవ్వలు వేసి తేల్చాం. నాకు కత్తివీరుడు, పిన్నికి మంత్రగత్తె, ప్రభుదాసుకి వైద్యుడు పడ్డారు. నా కాయ ఒక బోల్టు. వెంకట్రామయ్య గారికి దొంగ పడింది.

"నేను దొంగేంది?" అని ఆయన లేచి నిలబడ్డాడు. "ఊళ్ళో నా పరువేం గాను? ఎవరి వేషం వాళ్ళే ఎంచుకోవాల. గవ్వలు ఎవరయ్యా చెప్పటానికి?"

"చానా మంచి మాట!" అన్నాడు బాబాయి, కళ్ళు మెరుస్తుండగా. మర్నాడు ఇంకో రేకు వచ్చింది. దాని పేరు పంచాయితీ రేకు. వేషం నచ్చనివాళ్ళు అక్కడ ఆగి ఓట్లు పెట్టుకోవచ్చు. వెంకట్రామయ్య గారు దొంగ వేషం వద్దని, జట్టుకు నాయకుడిగా నిలబడ్డాడు. నలుగురిలో ఒక్క ఓటు వచ్చింది, అది ఆయనదే. లెక్కింపులో మోసం జరిగిందని రెండు రోజులు ఆటకు రాలేదు. ఆయన లేకుండా జట్టు కదలకూడదు కాబట్టి కత్తివీరుడు, మంత్రగత్తె, వైద్యుడు అడవి మొదట్లో అలాగే కూర్చున్నారు.

ఇక చూడండి. ఊరు ఊరంతా అభిప్రాయాలే.

వాకిట్లో బియ్యం చెరుగుతున్న మా అమ్మ అంది, "ఏంది జాన్ సాహెబూ, నలుగురు అన్నేసి రోజులు అడవిలో తిరుగుతుంటే వంటెవరు చేస్తారు? గాలి తిని బతుకుతారా?" మర్నాటికి వంట రేకు తయారు. గిన్నె, ఉప్పు సంపాదించనిదే ముందుకు పోవటానికి లేదు.

షెడ్డు దగ్గర రంగు ఆరేదాకా కూర్చున్న ఒక డ్రైవరు అన్నాడు, "కత్తి, డాలు, గిన్నె, ఉప్పు, అన్నీ ఆ వీరుడే మోస్తన్నాడు గదన్నా. ఓవర్‌లోడు గాదా?" మర్నాటికి చెక్‌పోస్టు రేకు. రాక్షసుడు నన్నేమీ చేయలేకపోయాడు గానీ, ఆ చెక్‌పోస్టు దగ్గర నా డాలు లాగేసుకున్నారు.

ఖాతూన్ బీ పిన్ని మంత్రగత్తె తరఫున వాదించింది. "పొద్దుటినుంచి పిండి రుబ్బితే నాకు చెయ్యి లాగుద్ది. మంత్రం మీద మంత్రం వేస్తే ఆమెకి లాగదా?" మంత్రం వేసినాక మంత్రగత్తె పడుకోవటానికి ఒక చలువ పందిరి రేకు వచ్చింది. జట్టు మొత్తం అక్కడ ఆగాలి. "రాక్షసుడికి పెళ్ళాం లేదా? ఊరోళ్ళ వాన ఎత్తుకొస్తే ఆమె ఊరుకుందా?" అని కూడా ఆమే అడిగింది. రాక్షసుడి భార్యతో మాట్లాడి ఒప్పించుకోవటానికి మరో రేకు వచ్చింది. దానిలో ఆమె బొమ్మకి ఖాతూన్ బీ పిన్ని పోలికలే వచ్చాయి. అది తెలియక కాదు, తెలిసే వేశాడని నా అనుమానం.

రేకులు పెరిగాయి. మంచం చాలలేదు. నేల మీద పరిచాడు. నా కాయ నేల మీదికి పోయింది. మొదట్లో ప్రభుదాసు జరిపేవాడు. అప్పుడొక రోజు బాబాయి గంభీరంగా వచ్చాడు.

"ఒక అభిప్రాయం వచ్చింది. ఎవరి కాయ వాళ్ళే జరపాలంట. వేరేవాళ్ళు ముట్టుకుంటే కత్తిలో బలం పోద్దంట."

"ఎవరు చెప్పారు?" అన్నాను.

"బస్టాండులో ఒకాయన. పేరు అడగలా. చానా తెలిసినాయన."

సరే, ఎవరో తెలిసినాయన. మంచం అంచున కూర్చుని, కాలు కింద పెట్టి, వంగి బోల్టు జరిపాను. మోకాలు కలుక్కుమంది. అమ్మా అన్నాను. అప్పటికి చెక్‌పోస్టు దాటటం ముఖ్యం కాబట్టి నొప్పి సంగతి తర్వాత చూద్దామనుకున్నాను.

రేకులు గది దాటాయి, వసారాలోకి వచ్చాయి. నేను గోడ పట్టుకుని వసారాలోకి వచ్చాను. నా కాయ ఎప్పుడూ అందరికంటే వెనకే. ఒక రోజు వెంకట్రామయ్య గారికి ఓపిక అయిపోయింది. "ఈ కత్తివీరుణ్ణి ఇక్కడ వదిలేసి పోదాం జాన్ సాహెబూ. ఈడి కోసం కూసుంటే ఆ రాక్షసుడు ముసలోడై చచ్చేట్టున్నాడు. ఇది నా అభిప్రాయం."

ఎవరేం చెప్పినా చానా మంచి మాట అనే మనిషి, ఆ రోజు తలెత్తకుండా గవ్వలు ఏరుతూ అన్నాడు. "కుదరదండీ. జట్టులో ఒకడు వెనకుంటే మిగతావాళ్ళు ఆగాల. అందరూ పోతేనే కోట తలుపు తెరుచుకుద్ది."

ఆయన ఒక అభిప్రాయాన్ని కాదనటం నేను మొదటిసారి చూశాను. వెంకట్రామయ్య గారు కూడా చూసినట్టున్నాడు, తిరిగి ఆటలో కూర్చున్నాడు.

అలాగని ఆట బాగా సాగిందని కాదు. విసుగు పుట్టి ప్రభుదాసు ఒకసారి గట్టిగానే అన్నాడు, "బాబాయ్, ఆట మరీ పొడుగైంది. కుదించు." బాబాయి ఎంతో సంతోషించాడు. "చానా మంచి మాట!" అని మర్నాడు మూడు రేకులు మోసుకొచ్చాడు. దారిని కుదించే మాయావి ఒకడిని కొత్తగా పెట్టాడట. ఆ మాయావి ఇంటికి పోవటానికి దారి ఆ మూడు రేకులు.

ఆ మూడు రేకులతో ఆట సందులోకి దిగింది.

నేను గుమ్మంలో ఆగిపోయాను. ఎదురుగా కుళాయి, బిందెలు, ఆడవాళ్ళు. నా బోల్టు కుళాయికి ఇవతల రేకు మీద ఎండలో ఉంది. గవ్వలు వేశాను, మంచి పందెం పడింది. జరపాలంటే వెళ్ళాలి. జట్టు ముగ్గురూ అవతల నిలబడి నాకేసి చూస్తున్నారు.

కుళాయి దగ్గర ఒకామె అరిచింది, "ఏమయ్యా గోపాలం, తొందరగా కానీయ్! నువ్వు కదిలితే గానీ వాన రాదంట గదా!"

ఆవిడ "అయ్యో పాపం" అనలేదు. తొందరపెట్టింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. కర్రలు చంకలో పెట్టుకుని దిగాను. ఆడవాళ్ళు మాత్రం ముందు జాగ్రత్తగా బిందెలు పక్కకి జరుపుకున్నారు.

ఇంకొన్ని వారాలకి ఆఖరి రేకు వచ్చింది, షెడ్డు దగ్గర. నల్లకోటని బాబాయి రేకు మీద వేయలేదు, ఒక లారీ వెనక తలుపు మీద వేసేశాడు. ఆ లారీ ఆ సాయంత్రమే సిమెంటుకి పోవాలి. డ్రైవరు, ఓవర్‌లోడు అభిప్రాయం ఇచ్చినాయనే, హారను మీంచి చెయ్యి తీయటం లేదు. వానమూటగా బాబాయి సోడా కొట్టు నుంచి ఒక ఐసుగడ్డ తెచ్చి, గోనెసంచిలో చుట్టి ఆ తలుపుకు వేలాడగట్టాడు. మాచర్ల ఎండ. మూట నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఒరేయ్, తొందరగా రారా! వాన కారిపోతంది!" అని జట్టు మొత్తం అరుపులు. వెంకట్రామయ్య గారైతే దొంగ వేషం మరిచిపోయి, పంచె ఎగగట్టి నా ఎదుట వెనక్కి అడుగులేస్తూ, "ఆ, ఇట్టా, ఇంకో అడుగు, శభాష్" అంటున్నాడు. కర్రలు అడ్డమనిపించి ఒకటి ఆయనకిచ్చాను. రెండోది ఎక్కడ పారేశానో నాకు తెలియదు. లారీ తలుపు పట్టుకుని మూట లాగాను. ముడి ఊడి, మిగిలిన ఐసూ, నీళ్ళూ నెత్తి మీద పడ్డాయి. సందంతా ఈలలు. డ్రైవరు నల్లకోటను తీసుకుని దాచేపల్లి వెళ్ళిపోయాడు.

అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. మా గుమ్మం చాలా దూరంగా ఉంది. గుమ్మంలో మా అమ్మ కొంగుతో మొహం కప్పుకుని నిలబడింది.

"బాబాయ్, ఇంత దూరం నేనే వచ్చానా?"

"ఆట పొడుగైంది, నేనేం చెయ్యను? జనం అడిగారు" అన్నాడు బాబాయి, గవ్వలు జేబులో వేసుకుంటూ.

ఖాతూన్ బీ పిన్ని నవ్వు ఆపుకోలేకపోయింది. "జనం యాడ అడిగారు? ఈయనే అడిగాడు. వారం వారం ప్రభుదాసుని పట్టుకుని, 'ఈసారి ఎంత దూరం నడిపిస్తే కాలికి మంచిది?' అని ఒకటే అభిప్రాయం. అతను ఎంతంటే అన్ని రేకులు. వంటలు, చెక్‌పోస్టులు, ఆ రేకుల మీదికి బొమ్మలు కావాలి గదా, అవి జనం చెప్పారు. బస్టాండులో పెద్దమనిషి కూడా ఈయనే."

"కుదించమన్నది?" అని ప్రభుదాసు వైపు చూశాను.

"నువ్వు అనుమానపడకుండా ఉండాలని అన్నా. కుళాయి కాడ ఆడోళ్ళకి కూడా చెప్పే ఉంచాం" అన్నాడు ప్రభుదాసు.

వెంకట్రామయ్య గారు నా కర్ర చేత్తో పట్టుకుని అందరినీ మార్చి మార్చి చూశాడు. "మరి నాకెవరూ చెప్పలా?"

"మీకు చెబితే నాయకుడి ఎన్నికలో అంత గట్టిగా కొట్లాడేవారా?" అన్నాడు బాబాయి.

ఈ రోజు నేను రెండు కాళ్ళ మీద బజారు వెళ్ళి వస్తున్నానంటే అది ఆ రేకుల పుణ్యమే. గుంటూరు డాక్టరు గారికి దణ్ణం పెట్టాను, మా అమ్మకి పెట్టాను. జాన్ సాహెబ్ బాబాయికి ఎలా పెట్టాలో నాకు తెలియలేదు. ఆ సాయంత్రం తడిసిన చొక్కాతో ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను. ఆయన ఇబ్బందిపడి, తల గోక్కుని, ఆయనకి తెలిసిన ఒకే ఒక్క మాట మాట్లాడాడు.

"అది సరే గానీ గోపాలం, మూట దొరికితే అయిపోయిందా? అది మోసుకుని ఇంటికి పోవద్దా? తిరుగుదారి పెట్టటం మరిచిపోయా. ఎట్టా ఉండాలంటావు? నీ అభిప్రాయం ఏంది?"

సందులో దూరంగా మా గుమ్మం వైపు చూశాను. ఆ వైపు కాకుండా, రోడ్డు మీదుగా బజారు చుట్టి వచ్చే దారి వైపు చూశాను.

"కొంచెం పొడుగ్గానే పెట్టు బాబాయ్" అన్నాను.

"చానా మంచి మాట!" అని ఆయన రంగు డబ్బా మూత తీశాడు.