జల్లెడ పైన మిగిలినవి

మా వీధి తాపీమేస్త్రి ముప్పై ఏళ్లుగా ఇసుక జల్లిస్తున్నాడు. కిందికి రాలిన మెత్తటి ఇసుక గోడకెక్కి నునుపవుతుంది. పైన మిగిలిన రాళ్లను కాలితో పక్కకు నెట్టేస్తాడు. అతని లోకమంతా ఆ రెండు కుప్పలే.

అతని భార్య ఆసుపత్రి దుప్పట్లకు ఇస్త్రీ చేస్తుంది. సాయంత్రానికి ఒంట్లో ఆవిరంతా దిగిపోయాక అద్దాల తొట్టి ముందు కూర్చుంటుంది. అందులో రెండు తాబేళ్లు: అరచేయంత దొరసాని, ఎప్పుడూ కునికే నిద్రమొహం.

ఒకరోజు మేస్త్రి, పని దగ్గర మిగిలిన రంగురాళ్లు తెచ్చి తొట్టిలో పోశాడు. బఠాణీ గింజలంత రాళ్లు. నీళ్లడుగున వానవిల్లు విరిగిపడినట్టుంటే ఆమె మురిసిపోయింది. వారం తిరక్కుండానే దొరసాని తిండి మానేసింది. పశువుల డాక్టరు తీసిన ఎక్స్‌రేలో, పొట్ట లోపల మూడు తెల్లటి చుక్కలు. వాటంతటవి రాకపోతే కోయాల్సిందే అన్నాడు డాక్టరు. తాబేలు తలకంటే చిన్న రాయి తొట్టిలో ఉండకూడదట. నోట పట్టిందల్లా మింగేస్తుందట.

ఆ రోజు నుంచి ఆమె మొగుడితో మాట్లాడలేదు. అతను వినాల్సినవన్నీ తాబేలుకే చెప్పేది.

"చూశావా దొరసానీ, లోకంలో అందరూ బువ్వ పెడతారు. మీ నాన్న రాళ్లు పెట్టాడు."

తొమ్మిదో రోజుకు మూడో రాయీ బయటపడింది. దొరసాని ఆవురావురుమని తిన్నది. ఆమె మాత్రం మొగుడి దగ్గర నోరు విప్పలేదు. రంగురాళ్లన్నీ తీసేసి, తొట్టిలోకి ఇక ఇసుక రేణువును కూడా రానివ్వనని దొరసానికి మాటిచ్చింది. కానీ వట్టి అద్దం మీద దాని గోళ్లు పట్టు దొరక్క సర్రున జారుతుంటే, చూడలేక మొహం తిప్పుకునేది.

అది చూసిన మేస్త్రికి డాక్టరు మాట గుర్తొచ్చింది: తలకంటే పెద్ద రాళ్లయితే చాలు. ఇది తన పనే కదా! జల్లెడ పని.

ఇనప తీగ తెచ్చి కూర్చున్నాడు. జల్లెడ కన్ను ఎంత ఉండాలి? టేపు దగ్గరికి పెట్టగానే దొరసాని తల డొప్పలోకి లాక్కుంది. అరగంట బతిమాలించుకుని మెడ చాచింది. ఆ తలకు రెండింతల కన్నుతో జల్లెడ అల్లాడు. ఏటి ఒడ్డున నున్నటి రాళ్లు పోసి ఊపితే చిన్నవన్నీ జలజలా రాలాయి. చేతులు ఉరకలేస్తూ బక్కెట్టు నింపేశాయి. సగం దారిలో తట్టింది అతనికి: నింపింది కింది కుప్ప! ముప్పై ఏళ్ల అలవాటు ఎంత పని చేసింది! పరుగున వెనక్కి వెళ్లి, పైన మిగిలినవి ఏరుకున్నాడు. ఒక్కొక్కటీ చెంపకు రాసి, గరుకు లేదనుకున్నాకే కడిగాడు.

తొట్టిలో రాళ్లు పరుస్తుంటే ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. దొరసాని వచ్చింది. నోరు తెరిచి ఒక రాయిని కొరికింది. జారింది. మళ్లీ కొరికింది. ఇద్దరూ తొట్టి మీదికి వంగారు. నోరు చాలలేదు. విసుగ్గా ఆ రాయి మీదికే ఎక్కింది; గోళ్లు పట్టు దొరికించుకున్నాయి. మహారాణిలా మెడ చాచి నిలబడింది.

"ఏమండీ," అంది ఆమె, తొట్టి మీంచి చూపు తిప్పకుండా. "ఈ మూల ఖాళీగా ఉంది. ఇంకో నాలుగు పట్రండి."

మేస్త్రి అప్పటికే గడప దాటాడు.