హౌసీ బిళ్ళ చెప్పిన చోటే వల

కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్కని మా భీమవరం వైపు కౌంట్ అంటారు. కౌంట్ పెరిగిందంటే రొయ్య చిన్నదని, ధర పడిపోతుందని అర్థం. చెరువంతా ముందే తూచి చూడలేం కాబట్టి నాలుగుచోట్ల వల విసిరి సగటు కడతారు. ఆ వల ఎక్కడ పడాలన్నదే గొడవంతా. కొనడానికొచ్చే ఏజెంటు తిన్నగా నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ మర అందని మూలకే పోయేవాడు, అక్కడ చిన్నవే దొరుకుతాయని. చెరువు సాగుచేసే మా అన్నయ్య మాత్రం తక్కువ తిన్నాడా? తెల్లారగానే రోడ్డువైపు గట్టున మేత చల్లి పెద్దవాటిని అక్కడికి రప్పించేవాడు.

నేను కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. ఆ వారం పక్క చెరువులో తెగులు కనిపించింది. అన్నయ్య పంట ఆ రోజే అమ్ముడుపోవాలి, లేకపోతే అంతా నీళ్ళపాలే. అంత గండంలోనూ ఇద్దరూ గట్టు మీద మూలల కోసం కీచులాడుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లోంచి పిల్లలు ఆడుకునే హౌసీ ఆట అంకెల బిళ్ళల సంచి పట్టుకొచ్చాను. చెరువుని గళ్ళుగా విడదీసి గడికో అంకె ఇచ్చి, బిళ్ళ ఏది చెబితే అక్కడే వల అన్నాను.

"మేడం గారూ, ఇదేమన్నా పేకాట క్లబ్బా అండి?" అని నవ్వాడు ఏజెంటు.

"మీకు నచ్చిన మూలకంటే నయమేనండి," అన్నాను.

తీరా తీస్తే మొదటి బిళ్ళే ఆ పాడు మూలది. అన్నయ్య నన్ను పక్కకి లాగాడు. "ఒసేయ్, అది మళ్ళీ సంచిలో పడెయ్. నా కొంప ముంచుతావా ఏంటి?"

అయినా వెయ్యలేదు. "ఆ మూల కూడా నీ చెరువే అన్నయ్యా."

తర్వాత రెండూ నడి చెరువులో పడ్డాయి. చివరిది మేత చల్లిన గట్టు దగ్గర పడింది. ఇప్పుడు ఏజెంటు మొహం మాడింది. "ఇది చెల్లదండి. ఇంకోటి తియ్యండి."

"చచ్చినా తియ్యను," అన్నాను.

"అయితే మీ సరుకు మాకొద్దండి," అంటూ వ్యాన్ ఎక్కాడు. అన్నయ్య ఇక నన్ను తిడతాడనే అనుకున్నాను.

"మా చెల్లి తీసిన బిళ్ళే ఖాయమండి," అన్నాడు అన్నయ్య. "కొంటే కొనండి, లేదంటే దయచెయ్యండి."

వ్యాన్ గట్టు చివరిదాకా వెళ్ళి ఆగింది. కాసేపటికి ఏజెంటు దిగి వచ్చి, కాటా ఎక్కడుందని అడిగాడు.

తర్వాతి పంటకి అన్నయ్య మేత బకెట్టు ఇంట్లోనే వదిలేసి వచ్చాడు. ఏజెంటు మాత్రం ఈసారి బిళ్ళలు తానే తీస్తానన్నాడు. "తియ్యండి, కానీ కళ్ళు మూసుకుని," అన్నాను.