నెడ్ రాఫర్టీ ఎదుట అట్టలు పట్టిన డొరీన్

నెడ్ రాఫర్టీ చనిపోయాక వారం రోజులూ టీవీ పెడితే చాలు, ఎవడో ఒకడు కళ్ళు తుడుచుకుంటూ కనిపించేవాడు. ఆయన పక్క సోఫాలో ఒక్కసారి కూర్చుని పోయినవాడు కూడా ప్రాణస్నేహితుడైపోయాడు. చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అనలేదు. నాకు ఒళ్ళు మండింది. నెడ్ మీద కాదు, నెడ్ మహానుభావుడు. వాళ్ళల్లో ఒక్కడూ డొరీన్ పాసెక్ పేరెత్తలేదు, అందుకు. సరే, నేనెత్తుతాను. నా పేరు మిల్ట్. నెడ్ ప్రతిరోజూ ఏ పరదాలోంచి బయటికొచ్చాడో ఆ పరదా లాగినవాణ్ణి. ఇప్పుడు చెబితే నొచ్చుకునేవాడు కూడా లేడు.

మీరంతా పక్కల మీద దొర్లుతూ చూసిన ఆ అర్ధరాత్రి కబుర్ల కార్యక్రమాన్ని మేం బర్బ్యాంక్ స్టూడియోలో సాయంత్రం ఎండ ఉండగానే తీసేవాళ్ళం. "ఇంకా నిద్రపోలేదేమర్రా?" అని నెడ్ దేశాన్ని అడిగే వేళకి మా గేటు బయట పిల్లలు సైకిళ్ళు తొక్కుతూ ఉండేవాళ్ళు. తీసింది తీసినట్టే వెయ్యాలని నెడ్ పట్టు. తడబడ్డా, తుమ్మినా, పిలిచిన నటి అలిగి లేచిపోయినా టేపు ఆగేది కాదు. "రాత్రిపూట జనం కట్టుబట్టలతో ఉన్న మనిషినే నమ్ముతారు, ముస్తాబైన మనిషిని కాదు" అనేవాడు. అబ్బ, ఏం రోజులవి. బ్యాండు మొదలవగానే నా అరికాళ్ళల్లోంచి నెత్తి దాకా జివ్వుమనేది. ఇన్నేళ్ళలో అది ఒక్కరోజు కూడా తగ్గలేదు. నెడ్ చీకట్లో నా పక్కన నిలబడి, నా చెవిలో ఒక జోకు చెప్పేవాడు. నేను సామాన్యంగా నవ్వను. నేను నవ్వితే ఆయనకి ఆ రోజు ధైర్యం. నవ్వకపోతే, "పరదా తియ్యరా శవమా" అని వెళ్ళేవాడు.

ఇక డొరీన్. టొలీడోలో ఒక కిరాణా కొట్టు కిటికీల మీద ధరలు రాసే మనిషి. గుడ్లు ఇంత, హ్యామ్ ఇంత అని రోడ్డు అవతలికి కనబడేటట్టు రాసేది. మొగుడు ఇంకెవత్తెతోనో పోతే, రంగు డబ్బాలు కారులో పడేసుకుని మా ఊరు వచ్చింది. నెడ్ జోకుల్ని తలుపంత తెల్ల అట్టల మీద నల్లసిరాతో రాసి, కెమెరా పక్కన నిలబడి, ఒక్కొక్కటే తీస్తూ ఆయనకి చూపించడం ఆమె ఉద్యోగం. పొట్టి మనిషి. అట్ట పట్టుకుంటే కింద రెండు బూట్లు తప్ప ఏమీ కనబడేవి కావు.

ఏదైనా జోకు పేలకుండా చచ్చిందనుకోండి, అప్పుడుండేది అసలు సరదా. నెడ్ ఆ అట్ట వైపు తిరిగి, "తల్లీ, ఇది కొట్టు కిటికీ మీద రాయాల్సింది కదా, ఇక్కడ రాశావేంటి?" అనేవాడు. జనం విరగబడి నవ్వేవాళ్ళు. డొరీన్ పలికేది కాదు. బూట్లు మాత్రం కదిలేవి. దేశమంతటికీ ఆమె పేరు తెలుసు, ముఖం మాత్రం ఎవరూ చూడలేదు. కెమెరా తన వైపు తిప్పుతామని ఎంతమంది అడిగినా ఆమె ఒప్పుకోలేదు.

"ఒక్కసారి కనబడితే నీ సొమ్మేం పోయింది?" అని నేనొకసారి అడిగాను.

"జనం వచ్చేది ఆయన్ని చూడ్డానికి. నన్ను చూడ్డానికి మా అమ్మ కూడా రాదు" అంది.

ఆఖరి రెండేళ్ళలో అట్టల మీద అక్షరాలు పెద్దవవడం గమనించాను. ముందు ఒక అట్టకి ఒక జోకు, తర్వాత సగం జోకు, చివరికి నాలుగు మాటలు. కట్ట బరువెక్కి డొరీన్ భుజానికి నొప్పి నూనె రాసుకునేది. ఒక సాయంత్రం నెడ్ నా చెవిలో జోకు చెప్పబోయి, చెవి దొరక్క నా ముక్కు దగ్గర చెప్పాడు. నేను నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు.

"చూపు నడిమధ్య మచ్చ పడింది మిల్ట్. పక్కలు కనబడతాయి. దేన్ని చూస్తే అది కనబడదు. డొరీన్‌కి తెలుసు, ఇప్పుడు నీకు. ఇంకెవరికీ వద్దు."

"తెలిస్తే ఏమైంది? జనానికి మీరంటే ప్రాణం."

"ప్రాణమే. అయ్యో పాపం అన్నారంటే ఇక నవ్వలేరు. నేను నవ్వించి పోవాలి, అయ్యో అనిపించుకుని పోకూడదు."

డొరీన్ ఆ భారం తన భుజాన వేసుకుంది. ఆఖరి రోజు ఆఖరి జోకు దాకా ఆయన్ని ఎవరికీ అనుమానం రాకుండా దాటించాలి, అంతే. ఆయన కార్యక్రమం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించాక ఆమె మాతో కలిసి మధ్యాహ్నం తినడం కూడా మానేసింది. గదిలో కూర్చుని అట్టలు రాయడమే పని.

అట్టలవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. రిహార్సల్ అయ్యేసరికి ఆఖరి అట్ట పైకి వచ్చేస్తుంది. కట్టని మళ్ళీ మొదటి నుంచి సర్దుకోవాలి. మరిచిపోతే కొంప మునిగినట్టే. ఆ వృత్తిలో ప్రతివాడూ ఒక్కసారైనా చేసిన తప్పది. డొరీన్ మాత్రం ఎన్నడూ చెయ్యలేదు.

ఆఖరి రోజు వచ్చింది. టిక్కెట్ల కోసం జనం ముందురోజు నుంచే మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. అయోవా నుంచి ఒక కుటుంబం మొక్కజొన్న కంకుల బస్తాతో వచ్చింది, నెడ్‌కి ఇవ్వాలని. లోపల గవర్నర్లు, బయట పోలీసులు. బ్యాండువాళ్ళు ఇస్త్రీ బట్టల్లో పెళ్ళికొడుకుల్లా ఉన్నారు. నా చేతులు చెమట పట్టి పరదా తాడు జారిపోతోంది. నెడ్ ఆ రోజు నా చెవిలో జోకు చెప్పలేదు. పెదాలు కదుపుతూ ఏదో వల్లించుకుంటున్నాడు. వింటే, ముగింపులో చెప్పాల్సిన వీడ్కోలు మాటలు. పొద్దుటి నుంచీ అవే నములుతున్నాడట.

పరదా తీశాను. అమ్మో ఆ చప్పట్లు. కట్టడం కూలుతుందేమో అనిపించింది. కూర్చోమంటే కూర్చోరు, ఆపమంటే ఆపరు. ఆయన కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. అప్పుడే నాకు భయం పుట్టింది. ఉన్న ఆ కాస్త పక్కచూపు కూడా నీళ్ళలో కొట్టుకుపోయి ఉంటుంది.

చప్పట్లు ఆగాయి. నెడ్ నోరు తెరిచి, "ఇన్నేళ్ళూ నన్ను మీ పడకగదుల్లోకి రానిచ్చారు. ఇక సెలవు. దీపాలార్పుకుని హాయిగా పడుకోండి" అన్నాడు.

వచ్చి నిమిషం కాలేదు, వీడ్కోలు చెప్పేశాడు. అక్కడక్కడా ఎవరో నవ్వబోయి ఆగారు. నెడ్ తల అటూ ఇటూ తిప్పుతున్నాడు, చీకట్లో స్విచ్చి వెతుక్కునేవాడిలా. ముందు వరసలో ఒకావిడ నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆమె ముఖంలో ఆ 'అయ్యో' పుట్టడం నేను కళ్ళారా చూశాను.

నేను నిలబడ్డ చోటు నుంచి అట్ట కూడా కనబడుతోంది. నెడ్‌కీ నాకూ తప్ప ఇంకెవరికీ కనబడే వైపు కాదది. దాని మీద, ముందుగా చెప్పాల్సిన ఎండల జోకు మొదటి నాలుగు మాటలు ఉన్నాయి. అట్ట సరిగ్గానే ఉంది.

అంతలో దబ్బుమని చప్పుడైంది. డొరీన్ కట్ట కట్టంతా నేల మీద పడేసింది. అట్టలు జారుకుంటూ వేదిక మీద పరుచుకున్నాయి. వాటిని తొక్కుకుంటూ, ఎన్నేళ్ళగానో కెమెరాకి కనబడని మనిషి, నూనె మరకల చొక్కాతో వెలుగులోకి నడిచొచ్చింది.

"తప్పు నాదండీ. అట్టలు వెనకవి ముందుకి పెట్టేశాను. చివరిది పైకొచ్చింది" అంది గట్టిగా, అందరికీ వినబడేటట్టు.

నెడ్ ముఖం వెలిగిపోయింది. ఇలాంటి పొరపాటు ఆయనకి విందుభోజనం.

"నువ్వు డొరీన్‌వేనా తల్లీ?"

"అవును."

"ఇన్నాళ్ళూ తప్పు చెయ్యనిదానివి, ఇవాళే కుదిరిందా?"

"ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు చేస్తాను? రేపట్నుంచి మీరు రారు కదా."

హాలు నవ్వులతో పేలిపోయింది. పైగదిలోంచి దర్శకుడు టేపు ఆపనా అని అడుగుతున్నాడట. నెడ్ చెయ్యి ఊపి, "ఆపారంటే ఊరుకోను. తల్లీ, అట్టలు పోయాయి, ఇప్పుడు నేనేం చెప్పాలి?" అన్నాడు.

"ఎండల గురించి మొదలెట్టండి."

"ఎండలకేమైంది?"

"మీ పక్కింటాయన పెళ్ళానికి క్షమాపణ చెప్పాడు."

"ఆఁ, చెప్పాడు. తప్పు చేసి కాదు. ఏసీ ఉన్న గదిలో ఆవిడ గడియ పెట్టుకుంది."

"తర్వాత మేయరు."

"ఏ మేయరు?"

"మీరే చెప్పాలి. చెప్పినందుకు మీకిస్తారు జీతం, నాకు మోసినందుకిస్తారు."

నేను నవ్వాను. తాడు పట్టుకుని, నోరు తెరిచి, గాడిదలా నవ్వాను. ఆమెకి జోకులన్నీ కంఠస్థం. ఒక్కొక్కదాని కొస అందిస్తుంటే ఆయన అల్లుకుపోయాడు. మధ్యలో ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుని కుర్చీ దాకా తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. అది కూడా వేళాకోళమనుకుని జనం ఈలలు వేశారు. ముందు వరసలో ఆవిడ పొట్ట పట్టుకుని వంగిపోయింది. ఆయన కళ్ళ సంగతి ఒక్కడికీ తట్టలేదు.

మర్నాడు దేశమంతా అదే మాట. కానీ జాలంతా డొరీన్ మీదికి మళ్ళింది. ఆఖరి రోజు పాడుచేసిన పిచ్చితల్లి, ఏం బాధపడకమ్మా అంటూ ముక్కూ ముఖం తెలియని ఆడవాళ్ళు ఆమెకి ఇంట్లో కాల్చిన ఆపిల్ పై రొట్టెలు పంపించారు. టొలీడో నుంచి అన్న ఫోన్ చేసి పరువు తీశావన్నాడు. అవునంది. కొత్తగా వచ్చిన కార్యక్రమంవాళ్ళు, అట్టలు తారుమారు చేసే మనిషి మాకెందుకని, మాటల్ని తెర మీద చూపించే యంత్రం కొనుక్కున్నారు. ఆమె మా ఊళ్ళోనే మళ్ళీ కొట్ల కిటికీల మీద ధరలు రాసుకోవడానికి పోయింది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సయించదు.

అన్నిటికంటే నాకు మండేది ఇంకొకటి. నెడ్ కూడా నమ్మాడు. కన్నీళ్ళలో ఆ అట్ట అలికినట్టు కనబడేసరికి, తను వల్లిస్తున్న మాటలే దాని మీద ఉన్నాయనుకున్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన పెరట్లో మాంసం కాలుస్తున్నారు. అప్పటికి ఆయనకి చూపు పూర్తిగా పోయింది. పిలిచినవాళ్ళందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని మళ్ళీ అదే కథ మొదలెట్టాడు, డొరీన్ అట్టలు తారుమారు చేసిన కథ. నేను విసురుగా వంటింట్లోకి పోయాను. డొరీన్ ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఎన్నాళ్ళు పడతావీ నింద? ఆ అట్ట నేను చూశాను. ఎండల జోకే ఉంది పైన."

"గొంతు తగ్గించు మిల్ట్."

"తగ్గించను. నీ ఉద్యోగం పోయింది. ఇవాళ ఆయనకి చెప్పేస్తాను."

ఆమె కత్తి పక్కన పెట్టింది. "ఆయనకి ఇప్పుడు అట్టల్లేవు, వాటిని చూసే కళ్ళూ లేవు. వచ్చినవాళ్ళకి చెప్పుకోవడానికి ఆ ఒక్క జోకే మిగిలింది. దాన్ని కూడా లాగేసుకుంటావా?"

బయట ఆయన గొంతు హెచ్చింది, కథ చివరికొస్తోంది. డొరీన్ చేతులు తువ్వాలుతో గబగబా తుడుచుకుని పెరట్లోకి పరిగెత్తింది. ఆమె వెళ్ళి అందరి ముందూ తలొంచుకుని నిలబడితేనే ఆ జోకు పండేది.