నార్మల్ అని రాసిన రిపోర్టు

రెడీమేడ్ చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ నత్తమ్మ అనేవాళ్లు. ఆ పేరు పెట్టిన సూపర్‌వైజరు ఎప్పుడో ఉద్యోగం మానేసి పోయాడు గానీ, పేరు మాత్రం ఆమెకు అంటుకుపోయింది. ఒకప్పుడు కాలర్లు కుట్టడంలో ఆమెకు సాటి లేదు. కాన్పు తర్వాత చెయ్యి నెమ్మదించింది. మిషను మీంచి లేపి, కుట్టిన చొక్కాలకు వేలాడే దారప్పోగులు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

ఆ కాన్పులో రక్తం ధారగా పోయింది. బతికి బట్టకట్టడమే గొప్పన్నారు. బతికింది గానీ పాలు పడలేదు. నెలసరి మళ్లీ రాలేదు. ఎండలో నిలబడ్డా ఒళ్లు చల్లగానే ఉండేది. పిల్లను ఎత్తుకుంటే కళ్లు తిరిగేవి.

"జారవిడుస్తావేమోనే! నా దగ్గర ఉంచు, కోలుకున్నాక తీసుకెళ్దువుగాని" అని అక్క పిల్లను తన ఇంటికి తీసుకుపోయింది.

వీధి చివర క్లినిక్‌లో డాక్టరు థైరాయిడ్ పరీక్ష రాశాడు. రిపోర్టు చూసి, "టీఎస్‌హెచ్ నార్మల్. థైరాయిడ్ లేదు, బాగా తినండి" అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా అదే పరీక్ష, అదే మాట.

"విన్నావుగా? రోగమూ లేదు, రొష్టూ లేదు" అన్నాడు లారీ డ్రైవరైన భర్త. "ఒళ్లు వంచితే అన్నీ అవే పోతాయి."

నిజమే కాబోలు, తనదంతా బద్ధకమే కాబోలు అని ఆమె కూడా నమ్మింది. పొద్దున్నే మంచం దిగలేక, తనను తానే తిట్టుకుంటూ దిగేది. అలాగే ఏళ్లు గడిచాయి.

చివరికి ఒకరోజు జ్వరంతో పనికొచ్చి, బల్ల దగ్గరే స్పృహ తప్పింది. తోటివాళ్లు పెద్దాసుపత్రిలో చేర్పించారు. అక్కడి డాక్టరమ్మ ముందు ఆమె మొహం కేసి పరీక్షగా చూసింది.

"కాన్పులో రక్తం బాగా పోయిందా? బిడ్డకు పాలు పడ్డాయా?"

ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. మొదటిదానికి అవునని తలూపింది. రెండోదానికి అడ్డంగా ఊపింది.

ఇంకా కొన్ని రక్తపరీక్షలు, తలకు స్కానింగూ అయ్యాక డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుంది.

"చూడమ్మా, థైరాయిడ్ నుంచి వచ్చేది టీ4. అది తగ్గితే, ఇంకా చెయ్యమని తలలో ఉండే చిన్న గ్రంథి పురమాయిస్తుంది. ఆ పురమాయింపే టీఎస్‌హెచ్. నీకు టీ4 అడుగంటింది. అప్పుడు టీఎస్‌హెచ్ బాగా పెరగాలి. పెరగలేదు. ఎందుకంటే కాన్పప్పుడు రక్తం అందక ఆ తలలో గ్రంథే దెబ్బతింది. నీ విషయంలో ఆ నార్మల్‌కి అర్థం లేదు."

"ముందే తెలిసేదా అమ్మా?"

"టీ4 కూడా చూసుంటే అనుమానం వచ్చేది."

"ఇంకో బిడ్డ..."

"నీ వయసుకి, ఇంత ఆలస్యమయ్యాక... ఆశ పెట్టుకోకమ్మా."

ఆ గ్రంథి దెబ్బకే ఆగిపోయిన ఇంకో హార్మోనుకు బదులుగా ముందు స్టెరాయిడ్ మాత్ర, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టారు. బతికున్నంతకాలం రెండూ మానకూడదన్నారు. కొన్నాళ్లకు ఒంట్లో వెచ్చదనం తెలిసింది. మెట్లెక్కితే ఆయాసం రాలేదు. ఆ ఓపిక చూసుకుని, ఒక ఆదివారం అక్క ఇంటికి వెళ్లింది.

తలుపు తీసింది కూతురే. ఎదిగింది, జడ బిగించి వేసుకుంది.

"అమ్మా, పిన్ని వచ్చింది!" అని లోపలికి కేకేసింది.

విషయమంతా విని అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నిన్ను నేను కూడా బద్ధకస్తురాలనే అనుకున్నానే" అంది. మళ్లీ తనే, "నీ బిడ్డే, కాదనను. అది వస్తానంటే తీసుకెళ్లు" అంది.

పిల్ల ఆ మాట విని అక్క వెనక్కి జరిగింది. గుప్పెట నిండా అక్క చీర పట్టుకుని, "నేనేం తప్పు చేశానమ్మా?" అంది.

అమ్మా అన్నది తనను కాదు. నత్తమ్మ లేచింది.

"ఊరికే అన్నాం తల్లీ, నిన్నెక్కడికీ పంపం" అని చెప్పి చెప్పులేసుకుంది.

ఫ్యాక్టరీలో కాలర్ల మిషను కూడా తిరిగి ఇవ్వలేదు. అక్కడ కొత్త పిల్లలున్నారు, చేతులు చురుగ్గా ఉన్నాయి. ఒక రాత్రి మందుల కవరు తిప్పి చూసి భర్త, "అయితే నిజంగానే జబ్బన్నమాట" అన్నాడు. అన్నం పెట్టమన్నాడు. ఆమె పెట్టింది.